చిన్న పిల్లలతో పార్కులో ప్రకృతి నడక: తిరుగు దారిలో మోసుకురాకుండా ఉండాలంటే

"పిల్లల్ని చెట్లూ పిట్టలూ ఉన్న చోటికి తీసుకెళ్ళి నడిపిద్దామని ఉంది. ఎంత దూరం నడవగలరంటారు?" కొత్తగా మొదలుపెట్టే తల్లిదండ్రులు దాదాపు అందరూ నన్ను మొదట అడిగేది ఇదే. నేనూ ప్రతిసారీ ఎదురు ప్రశ్నే వేస్తాను: "మీ దగ్గర ఎంత టైముంది?" పిల్లలతో నడకని కొలవాల్సింది గడియారంతోనే. కిలోమీటర్లతో కొలిస్తే ఏమవుతుందో నాకు స్వయంగా తెలుసు.

మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. బాట మొదట్లో బోర్డు మీద "3 కి.మీ., సులభం" అని ఉంది. గంటలో ముగించుకుని వచ్చేస్తాం కదా అనుకున్నాను. మొదటి వంద మీటర్లలోనే ఒక చీమల బారు దగ్గర గొంతుక్కూర్చుంది. పాతిక నిమిషాలు కదల్లేదు. ఆలస్యమైపోతోందని నేను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. సరిగ్గా సగం దూరంలో కూలబడింది. మిగతా కిలోమీటరున్నర బ్యాగు పొట్టమీద, పిల్ల వీపుమీద. వెనకాల మా నాన్నగారు మోకాలు పట్టుకుని, కూర్చోడానికి ఒక్క బెంచీ అయినా ఉందేమోనని చూసుకుంటూ. ఆ రోజు తప్పు పిల్లది కాదు, బాటది కాదు. నా లెక్కది.

కింద రాసింది రెండేళ్ళ నుంచి పదేళ్ళలోపు పిల్లలు, పక్కన ఒకరిద్దరు పెద్దవాళ్ళు ఉన్న కుటుంబాల కోసం. కొండలెక్కేవాళ్ళకి ఇది సరిపోదు.

ఏమేం కావాలి

తప్పనిసరివి ఇవి:

- నీళ్ళు. పెద్దవాళ్ళకి గంటకి సుమారు అర లీటరు, ఎండగా ఉంటే ఇంకా ఎక్కువ. పిల్లలకి ఎవరి సీసా వాళ్ళకి ఇవ్వండి. ఎవరు ఎంత తాగారో సీసా చూస్తేనే తెలిసిపోతుంది.
- చేతికి అంటుకోని, కరిగిపోని తినుబండారం ఏదైనా.
- ఇదివరకే వాడిన బూట్లు. మొదటి నడకకి కొత్త బూట్లు తొడిగారంటే మడమ మీద బొబ్బ ఖాయం. చెప్పులే ఉంటే వెనక పట్టీ ఉన్నవి.
- పొడుగు ప్యాంటు, మేజోళ్ళు, టోపీ. చొక్కా ముదురు పసుపో నారింజో అయితే పొదల మధ్య కూడా దూరం నుంచే కనిపిస్తుంది.
- పిల్లకో ఈల. తాడుతో మెడలో వెయ్యకండి, కొమ్మకి తగులుకుంటుంది. జేబుకో బ్యాగు పట్టీకో పిన్నుతో తగిలించండి.
- బ్యాండేజీలు, సన్నమొన పట్టకారు, తడి తువ్వాలు, చెత్త వేసుకోడానికి ఒక సంచి, ఒక జత అదనపు బట్టలు. రెండేళ్ళ పిల్లలుంటే రెండు జతలు.
- ఫుల్ చార్జింగుతో ఫోను.

ఉంటే మంచివి: భూతద్దం, చిన్న నోటుబుక్కు, మైనపు రంగు పెన్సిలు. బైనాక్యులర్స్ చాలామంది అడుగుతారు. కొనేటట్టయితే పెద్దవాళ్ళకి 8x42 చాలు. అందులో 8 అంటే ఎన్నిరెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 12 రెట్లవీ 16 రెట్లవీ ఇంకా బాగుంటాయనుకోకండి, చెయ్యి వణికిన ప్రతిసారీ పిట్ట ఎగిరి గంతేస్తుంది. ఆరేళ్ళలోపు పిల్లలకి మాత్రం బైనాక్యులర్స్ దండగ. ఖాళీ అట్టగొట్టం ఒకటి చేతికివ్వండి. ఏమీ పెద్దగా కనిపించదు, కానీ చుట్టుపక్కలవి మరుగై చూపు ఒకచోట నిలుస్తుంది. నా అనుభవంలో అద్దాలకన్నా అట్టగొట్టంతోనే పిల్లలు ఎక్కువ చూశారు.

దోమలకీ పురుగులకీ రాసే క్రీముల విషయంలో జాగ్రత్త. డీట్ (DEET) అనే రసాయనం ఉన్నవి రెండు నెలలలోపు పసివాళ్ళకి రాయకూడదు. నిమ్మ యూకలిప్టస్ నూనె ఉన్నవి మూడేళ్ళలోపు పిల్లలకి వద్దు. పిల్లల అరచేతులకీ కళ్ళ దగ్గరా నోటి దగ్గరా ఏదీ రాయకండి, ఆ చేతులే నోట్లోకి వెళ్ళేది. ఎండ క్రీమూ పురుగుల క్రీమూ రెండూ రాయాలంటే ముందు ఎండది, అది ఆరాక పురుగులది.

1. చోటు ఎంచుకోండి

మొదటిసారికి ఇంటికి దగ్గరలో ఉన్న పార్కే మేలు. అభయారణ్యాలూ రిజర్వులూ రెండో మూడో నడకకి. ప్రయాణం నడకకన్నా ఎక్కువసేపు పడితే పిల్లల ఓపిక బండిలోనే అయిపోతుంది.

చోటు చూసేటప్పుడు ఈ క్రమంలో చూడండి: మరుగుదొడ్డి ఉందా, నీడ ఉందా, కూర్చోడానికి బెంచీలు ఎంతెంత దూరంలో ఉన్నాయి, నేల ఎలా ఉంది. అందం చివర్న. స్ట్రాలరో చక్రాల కుర్చీయో ఉంటే "సులభం" అన్న మాటని నమ్మకండి. ఆ మాట రాసేవాళ్ళ మనసులో ఎక్కువగా ఉండేది ఎత్తుపల్లాలే. మెట్లు, ఇసుక, వేళ్ళు తేలిన నేల, గేటు దగ్గర బండ్లు రాకుండా పాతిన గుంజలు వాళ్ళ లెక్కలోకి రాకపోవచ్చు. వెళ్ళొచ్చినవాళ్ళు తీసిన ఫోటోల్లో బాట కనిపించేవి వెతికి చూడండి, లేదా పార్కు ఆఫీసుకి ఫోను చేసి "మొత్తం దారిలో మెట్లు ఎక్కడైనా ఉన్నాయా?" అని సూటిగా అడగండి.

చుట్టు తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చే బాటా, వెళ్ళిన దారినే వెనక్కొచ్చే బాటా? చాలామంది మొదటిదే ఇష్టపడతారు, చూసిందే చూడక్కర్లేదని. మొదటి రెండు మూడు నడకలకి నేను రెండోదే చెబుతాను. వెళ్ళినదారినే వచ్చే బాటలో ఏ నిమిషంలోనైనా వెనక్కి తిరగొచ్చు. చుట్టు బాటలో సగం దాటాక ముందుకెళ్ళినా వెనక్కెళ్ళినా దూరం దూరమే. ఇంకోటి, మొదట్లో దిగుడున్న బాటలు మోసం చేస్తాయి. వెళ్ళేటప్పుడు పరుగులు, వచ్చేటప్పుడు అలిసిన కాళ్ళతో ఎక్కుడు. మొదట ఎక్కి తర్వాత దిగే బాట దొరికితే అదే తీసుకోండి.

2. టైము లెక్క వేయండి

ఫోనులో మ్యాపు చూపించే నడక టైము పెద్దవాళ్ళది. కొండదారుల్లో ఇప్పటికీ చాలామంది వాడే లెక్క 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పింది: సుమారు 5 కిలోమీటర్లకి గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. ఆయన చెప్పింది గట్టి కాళ్ళున్న పెద్దవాళ్ళ గురించి. మీ పక్కనున్నది మూడేళ్ళ బుడంకాయ.

నేను వాడే లెక్క ఇది. అయిదేళ్ళలోపు పిల్ల ఉంటే గంటకి ఒక కిలోమీటరు, ఆగటాలన్నీ కలుపుకుని. ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళయితే గంటకి రెండు. గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళు ఎవరో వాళ్ళ లెక్కే అందరి లెక్క. అది పిల్ల కావచ్చు, తాతగారు కావచ్చు. మొదటి నడక మొత్తం గంటన్నర దాటనివ్వకండి. దూరం ఎంతొస్తే అంత.

ఎత్తుకునే క్యారియర్‌లో ఉన్న పసివాళ్ళ సంగతి వేరు. వాళ్ళు నడవరు కాబట్టి మీకు చెమట పడుతున్నా వాళ్ళకి చలి వేస్తుండవచ్చు. ఎండలో అయితే మీ ఒంటి వేడి కూడా వాళ్ళకే తగులుతుంది. ప్రతి పావుగంటకీ మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. స్ట్రాలర్ మీద ఎండ పడకుండా గుడ్డ కప్పేయటం మాత్రం చెయ్యకండి. గాలి ఆడక లోపల బయటికన్నా వేడెక్కిపోతుంది.

3. ముందురోజు చూసుకోవాల్సినవి

గేటు ఎప్పుడు తీస్తారు, ఎప్పుడు మూస్తారు. వాన, ఉరుములు ఏమైనా ఉన్నాయా. చెట్లలో సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాపు ముందే ఫోనులోకి దించుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికల్లా తిరిగొస్తారో ఇంట్లో ఉండేవాళ్ళకి చెప్పండి.

పొద్దున్నే వెళ్ళటం మంచిది. చల్లదనం ఒక్కటే కారణం కాదు, పిట్టలు ఎక్కువగా పలికేది అప్పుడే. పొద్దున కుదరకపోతే సాయంత్రం. మధ్యాహ్నం ఎండలో మీ నీడ మీకన్నా పొట్టిగా ఉందంటే ఎండ తీవ్రంగా ఉన్నట్టే, నీడలేని బాట వద్దు.

4. గేటు దగ్గర అయిదు నిమిషాలు

పిల్లలు లోపలికి ఉరకటానికి తొందరపడతారు. అయినా ఈ అయిదు నిమిషాలూ వదులుకోకండి.

ముందు మరుగుదొడ్డికి. "నాకు రావట్లేదు" అన్నవాళ్ళని కూడా. తర్వాత అక్కడున్న మ్యాపు బోర్డుని ఫోటో తియ్యండి. ఆ వెంటనే పిల్లల్ని ఆ బోర్డు ముందు నిలబెట్టి, తల నుంచి కాళ్ళ దాకా పడేలా ఇంకో ఫోటో. ముచ్చట కోసం కాదు. పిల్ల కనపడకపోతే ఆ కంగారులో చొక్కా ఏ రంగో కన్నతల్లికి కూడా గుర్తురాదు.

చివరగా ఒక్క నియమం నేర్పండి: "నేను కనపడకపోతే, దగ్గరున్న చెట్టుని పట్టుకుని అక్కడే ఉండు. ఈల మూడుసార్లు ఊదు. నేనే వస్తాను." ఇది నేను కల్పించింది కాదు. 1981లో కాలిఫోర్నియాలోని పాలోమార్ కొండ మీద తొమ్మిదేళ్ళ అబ్బాయి ఒకడు తప్పిపోయి ప్రాణాలు పోగొట్టుకున్నాక, అతన్ని వెతకటంలో పాల్గొన్నవాళ్ళు 'హగ్ ఎ ట్రీ' పేరుతో పిల్లలకి దీన్ని నేర్పటం మొదలుపెట్టారు. తప్పిపోయిన పిల్లలు నడుస్తూ పోతే వెతికే చోటు నిమిషనిమిషానికీ పెరుగుతుంది, ఒకచోట ఉంటే త్వరగా దొరుకుతారు. పిల్లలకి ఇంకోమాట కూడా చెప్పాలి: "తప్పిపోయినందుకు నిన్ను ఎవరూ తిట్టరు." తిడతారని భయపడే పిల్లలు పిలిచినా పలకకుండా దాక్కుంటారు.

నేర్చుకున్నారో లేదో పరీక్షించండి. "నేను కనపడకపోతే ఏం చేస్తావ్?" అని అడిగి ఊరుకోవద్దు, చేసి చూపించమనండి. చెట్టు దగ్గరికెళ్ళి ఈల ఊదితేనే వచ్చినట్టు.

5. నడక మొదలు

వరస ఇలా పెట్టుకోండి: ఒక పెద్దమనిషి ముందు, పిల్లలు మధ్యలో, ఇంకో పెద్దమనిషి ఆఖర్న. పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే పిల్ల ముందు, మీరు వెనక. పిల్లకి హద్దు చెప్పండి, "తర్వాతి మలుపు దగ్గర ఆగు" అని. "దూరం వెళ్ళకు" అంటే పిల్లలకి అర్థం కాదు. దూరం అంటే ఎంత?

పడిపోయిన దుంగ అడ్డొస్తే ఒక్క అంగలో దాటకండి. ముందు దాని మీద కాలుపెట్టి అవతల ఏముందో చూసి దిగండి. పిల్లలు బొరియల్లో, రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టకూడదు. ఏ ఆకునీ పండునీ పుట్టగొడుగునీ నోట్లో పెట్టకూడదు, పిట్టలు తింటున్నా సరే. పిట్టకి పడేది మనిషికి పడాలని లేదు.

పెద్దవాళ్ళు బాగానే ఉన్నారో లేదో తెలుసుకోడానికి కబుర్లు చెప్పించండి. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉంది. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటుంటే తగ్గించండి. "బాగానే ఉన్నాను" అనే మాటని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. మా నాన్నగారు మోకాలు పట్టుకుని కూడా అదే అన్నారు.

6. ఆగండి

అసలు నడక ఇదే. ఎక్కువమంది దాటేసేదీ ఇదే.

పిల్ల ఒకచోట కూర్చుందంటే మీరూ పక్కన కూర్చోండి. అంత ఎత్తు నుంచి చూస్తే లోకం వేరుగా ఉంటుంది. ఆ చీమల బారుల్లో ఒకదాన్నే తీసుకోండి. ఎదురెదురుగా వచ్చే రెండు చీమలు మీసాలు తాకించుకుని పక్కకి తప్పుకుంటాయి. ఒకటి తనకి నాలుగింతలున్న రెక్క ముక్కని ఈడ్చుకుపోతుంటుంది, గాలి వీస్తే రెక్కతో పాటు అదీ పక్కకి ఒరుగుతుంది. ఇప్పుడు ఎండుటాకు అంచుతో బారుకి అడ్డంగా నేలని ఒకసారి తుడవండి. వేలితో వద్దు, కుట్టే చీమలు కావచ్చు. చీమలు అక్కడికొచ్చి ఆగుతాయి, అటూ ఇటూ తచ్చాడతాయి. దారిలో అవి వేసుకున్న వాసన గీత తెగిపోయింది. కాసేపటికి ఏదో ఒకటి దాటుతుంది, వెనకే మిగతావి, గీత మళ్ళీ కలుస్తుంది. ఈ ఒక్కదాంతో అరగంట గడుస్తుంది. మీరేమీ పాఠం చెప్పక్కర్లేదు.

అలా కూర్చోని పిల్లలకి ఈ కిందివి ప్రయత్నించి చూడండి. ఒక నడకలో రెండు చాలు.

చప్పుళ్ళ పటం: కాగితం మధ్యలో ఒక ఇంటూ గుర్తు, అది మీరు. కళ్ళు మూసుకుని, ఏ చప్పుడు ఎటునుంచి వస్తే కాగితం మీద అటువైపు ఒక గుర్తు. మూడు నిమిషాలు. మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో పెద్దవాళ్ళకే ఎక్కువ తెలుస్తుంది. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోగలిగితే, మీరు రాగానే మౌనమైపోయిన పిట్టలు మళ్ళీ మొదలుపెడతాయి.

బెరడు అచ్చు: చెట్టు మొదలుకి కాగితం ఆనించి మైనపు పెన్సిల్ని అడ్డంగా పెట్టి రుద్దండి. రెండు చెట్లవి తీసి పక్కపక్కన పెడితే తేడా పిల్లలే చెబుతారు.

కింద చూసి పైకి చూడటం: బాట మీద తెల్లటి రెట్టలు ఒకేచోట పోగుపడి ఉంటే వెంటనే తలెత్తండి. పైకొమ్మ మీద ఏదో పిట్ట రోజూ వాలుతోంది. గుడ్లగూబ కావచ్చు. పిట్టల్ని వెతకటంలో ఇంతకన్నా తేలికైన కిటుకు నాకు దొరకలేదు.

భూతద్దం చిన్నదీ పదిరెట్లదీ అయితే దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, చూడాల్సిన వస్తువుని దాని దగ్గరికి తేవాలి. పిల్లలే కాదు, పెద్దవాళ్ళు కూడా చెయ్యి చాచి పట్టుకుని "ఏమీ కనపడట్లేదు" అంటారు. ఎండలో ఎండుటాకుల మీద మాత్రం పట్టనివ్వకండి, అంటుకుంటుంది.

పేర్లు తెలియకపోతే ఫరవాలేదు. తెలుసుకోవాలని ఉంటే, ఐనాచురలిస్ట్ వాళ్ళ 'సీక్' యాప్ కెమెరాతో చూసి మొక్కనో పురుగునో గుర్తుపడుతుంది, ఖాతా తెరవక్కర్లేదు. కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల వాళ్ళ 'మెర్లిన్' కూత విని పిట్ట పేరు చెబుతుంది. రెండూ తప్పు చెప్పొచ్చు, కాబట్టి యాప్ చెప్పిందని ఏదీ తినకండి, ముట్టుకోకండి. మెర్లిన్‌లో ఉన్న కూతల్ని స్పీకర్లో పెట్టి పిట్టల్ని పిలవటం కూడా వద్దు. పరాయి పిట్ట తన చోటులోకి వచ్చిందనుకుని అది గూడు వదిలి పోట్లాటకి వస్తుంది.

ఏరుకుని ఇంటికి తెచ్చుకోవటం గురించి: రిజర్వుల్లో చాలాచోట్ల రాలిన ఈక తీసినా తప్పే. అమెరికాలో 1918 నాటి వలసపక్షుల చట్టం ప్రకారం చాలా పిట్టల ఈకలు దగ్గర ఉంచుకోవటమే నిషేధం, ఎలా దొరికినా సరే. పిల్ల ఏడిస్తే ఫోటో తియ్యండి, లేదా బాట పక్కనే రాళ్ళమీద వాటిని పేర్చి "మ్యూజియం" పెట్టుకోనివ్వండి. పోయేటప్పుడు ఎక్కడివి అక్కడ. జంతువులకి తినేవి పెట్టటం అసలు వద్దు. ఒకసారి అలవాటైన జంతువు తర్వాత వచ్చే పిల్లల చేతుల్లోంచి లాక్కుంటుంది.

7. వెనక్కి తిరగండి

పిల్ల హుషారుగా ఉన్నప్పుడే తిరగాలి. "అలిసిపోయాను" అన్నాక తిరిగితే ఆలస్యమైనట్టే, ఇంకా వచ్చినంత దారి ఉంది. ఫోనులో అలారం పెట్టండి: మొత్తం టైములో అయిదింట రెండొంతులు అవగానే మోగాలి. గంటన్నర నడకకి 36 నిమిషాలు. మోగినచోటే ఆగి, తినేవి తీసి, తిని, వెనక్కి. తినేవి అప్పటిదాకా బ్యాగులోనే ఉంచండి. గేటు దగ్గరే పంచేస్తే తిరుగు ప్రయాణానికి మీ దగ్గర ఊరించేది ఏమీ మిగలదు.

సాయంత్రం నడకయితే సూర్యుడు ఎంతసేపు ఉంటాడో చేత్తో చూసుకోవచ్చు. చెయ్యి బారుగా చాచి, అరచెయ్యి మీవైపు తిప్పి, నేల అంచుకీ సూర్యుడికీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో లెక్కపెట్టండి. వేలికి సుమారు పావుగంట. నాలుగు వేళ్ళంటే గంట. సూర్యుణ్ణే తేరిపార చూడకండి. చెట్లలో చీకటి ముందే పడుతుంది, అందుకని ఒక వేలు తీసేసి లెక్కపెట్టుకోండి.

8. మధ్యలో ఏదైనా ఎదురైతే

ఉరుము: మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరమో వస్తుంది. 30 సెకన్లు, అంతకన్నా తక్కువ అయితే భవనంలోకో పైకప్పున్న కారులోకో వెళ్ళాలి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాల దాకా బయటికి రాకూడదు. ఒంటరి చెట్టు కిందా, గోడల్లేని మంటపాల్లోనూ నిలబడితే రక్షణ లేదు.

పాము: ఆగండి, పిల్లని వెనక్కి తీసుకోండి, నెమ్మదిగా దూరం జరగండి. దారిస్తే అదే పోతుంది. కరిస్తే కొయ్యటం, నోటితో పీల్చటం, తాడు బిగించి కట్టటం ఏవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలనివ్వకుండా, ఉంగరాలూ గాజులూ తీసేసి వెంటనే ఆస్పత్రికి.

తేనెటీగలు వెంటపడితే పిల్లని ఎత్తుకుని మొహం కప్పి తిన్నగా పరుగెత్తండి, గదిలోకో కారులోకో చేరేదాకా. నీళ్ళలో దూకకండి, పైకి లేచేదాకా అవి కాచుకుని ఉంటాయి. ముల్లు చర్మంలో ఉండిపోతే గోటితో గీకి వెంటనే తీసేయండి. మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంటికి కాదు, ఆస్పత్రికి.

ఎండదెబ్బ పిల్లల్లో మొదట అల్లరి తగ్గటంలా కనిపిస్తుంది. గలగలా మాట్లాడే పిల్ల ఉన్నట్టుండి మౌనంగా నడుస్తుంటే, "ఎంత బుద్ధిగా ఉందో" అనుకోకండి. నీడలో కూర్చోబెట్టి నీళ్ళు తాగించి, మెడా చేతులూ తడపండి. తేరుకోకుండా మాట తడబడినా, మత్తుగా వాలిపోయినా తాగించటం ఆపి, ఒళ్ళు తడుపుతూనే వెంటనే సాయానికి ఫోను చెయ్యండి.

నేను తరచూ చూసే తప్పులు

"ఇంకొంచెమే, అదిగో" అనటం. ఒకసారి నమ్ముతారు. తర్వాత నడకంటేనే నమ్మరు. ఎంతుందో నిజం చెప్పి, కనిపించే గుర్తు చూపించండి, ఆ వంతెన, ఆ పెద్ద బండ.

నడకని క్లాసు చెయ్యటం. ప్రతి చెట్టు దగ్గరా పేరడిగి, చెప్పలేకపోతే విసుక్కునే నాన్నలు ప్రతి పార్కులోనూ కనిపిస్తారు. నేనూ కొన్నాళ్ళు ఆ జాతే. పిల్ల అడిగితే చెప్పండి, తెలియకపోతే తెలియదనండి.

వేర్వేరు వయసుల పిల్లల్ని ఒకే వేగంతో నడిపించటం. పదేళ్ళవాడికి విసుగు, మూడేళ్ళదానికి ఏడుపు. పెద్దవాడికి ఒక పని అప్పగించండి: మ్యాపు వాడి చేతికి, లేదా చిన్నది ఏమేం చూసిందో నోటుబుక్కులో రాసే పని.

దారిలో ఒక్కసారి కూడా నీళ్ళు అడగలేదని ఊరుకోవటం. దాహం వేసేదాకా పిల్లలు అడగరు, ఆటలో ఉంటే అప్పుడూ అడగరు. ఇరవై నిమిషాలకోసారి మీరే ఆపి, మీరు తాగి, వాళ్ళని తాగమనండి.

9. ఇంటికొచ్చాక: సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవటం

గడ్డిలో నడిచుంటే స్నానం చేయించేటప్పుడే గోమార్ల కోసం వెతకండి, కొన్నిచోట్ల పిడుదులు అంటారు. చెవుల వెనక, జుట్టు మొదళ్ళలో, చంకల్లో, బొడ్డులో, మోకాలి వెనక, గజ్జల్లో. దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగండి, మెలి తిప్పకుండా. కిరసనాయిలు పొయ్యటం, అగ్గిపుల్లతో కాల్చటం వద్దు. ఆ తర్వాత రోజుల్లో జ్వరంగానీ దద్దురుగానీ వస్తే డాక్టరుకి ఆ సంగతి చెప్పండి.

మడమలూ వేళ్ళ సందులూ చూడండి. ఎర్రబడి ఉంటే వచ్చేసారికి బూట్లో మేజోళ్ళో మార్చాలి. సీసాలు చూడండి: పిల్ల సీసా నిండుగానే తిరిగొస్తే, మీరు ఆగి తాగించలేదన్నమాట. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే ఆ అనుమానం నిజమే.

నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాసిపెట్టుకోండి: ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి వెనక్కి తిరిగాం, ఎక్కడ ఎక్కువసేపు ఆగాం, మొదటి సణుగుడు ఎన్నో నిమిషంలో. ఆ చివరి అంకెలోంచి పది తీసేస్తే వచ్చేసారి అలారం పెట్టాల్సిన నిమిషం తేలుతుంది. మా అమ్మాయికి మొదట్లో అది 25, ఏడేళ్ళు వచ్చేసరికి 70. ఆ మధ్య ఒక నడకలో సణుగుడన్నదే లేదు, ఆ గడి ఖాళీగా వదిలేద్దామనుకున్నాను. మా నాన్నగారు పుస్తకం లాక్కుని అక్కడ తన పేరు రాసి, పక్కన 40 అని వేశారు.